డిక్కీ మీది మూడక్షరాలు

చోడవరం బజారులో కూరగాయల సంచితో వెనక్కి వచ్చిన రూపాదేవికి, తన కారు వెనక ఎవరో మనిషి వంగి ఫోన్‌తో ఫోటో తీసుకుంటూ కనిపించిన చోట మనం ఆమెను వదిలిపెట్టాం. "ఎవరు బాబూ నువ్వు?" అని ఆమె అడిగేలోపే ఆ మనిషి ఫోను జేబులో వేసుకుని, పాత పరిచయం ఉన్నవాడిలా నవ్వి, మోటారు సైకిలెక్కి పోయాడు. ఆ కారున్న ఇంట్లోనే సంధ్యారాణి తలదాచుకుంటోంది. భర్త కిషోర్ దెబ్బలు పడలేక గాజువాక నుంచి కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన మనిషి. ఎనిమిదేళ్ళ కూతురు గౌతమిని మాత్రం అత్తగారి చేతుల్లోంచి తెచ్చుకోలేకపోయింది. సోమవారం విశాఖలో ఫ్యామిలీ కోర్టు. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో ఆ రోజు తేలుతుంది. అంతవరకూ ఆమె ఎక్కడుందో కిషోర్‌కి తెలియకూడదు. ఈసారి దొరికితే చంపేస్తానని వాడు మాటవరసకు అన్నది కాదు.

ఇప్పుడు శనివారం సాయంత్రం. రూపాదేవి కారు గేటు లోపల, ఇంటి ముందు ఆపి దిగింది గానీ ఇంట్లోకి పోలేదు. సంచి సీట్లోనే వదిలేసి, కారు వెనక్కి వెళ్ళి, ఆ మనిషి వంగిన చోటే తానూ వంగి చూసింది.

నంబరు ప్లేటు. దానికి సరిగ్గా పైన, నీలం డిక్కీ మీద, జానెడు ఎత్తున ఎర్ర రేడియం స్టిక్కరు. ఒక మెరుపు బొమ్మ, దాని పక్కన ఆమె కాల్‌సైన్.

ఇంట్లోనే రేడియో యంత్రం పెట్టుకుని దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడుకునే హామ్ రేడియోవాళ్ళకి సర్కారు ఇచ్చే పేరే కాల్‌సైన్. గాలిలో మాట్లాడేటప్పుడు అమ్మానాన్నా పెట్టిన పేరు వెనక్కి పోయి ఇదే ముందుకొస్తుంది. అందులో దేశం గుర్తు పోగా చివరి మూడక్షరాలే మనిషిని పట్టిచ్చేవి. రూపాదేవివి ఆర్, డి, ఏ. హుద్‌హుద్ తుపాను విశాఖని ఊడ్చేసినప్పుడు, సెల్ టవర్లు ఒరిగిపోయి ఊరంతా మూగబోయినప్పుడు, ఎంతమంది క్షేమ సమాచారాలో ఆ మూడక్షరాల మీదుగా అవతలి ఒడ్డుకి చేరాయి. గొంతు అందినంతసేపు గొంతుతో, అందనప్పుడు మోర్స్ కోడ్ చుక్కలూ గీతలతో, అంటే కురచ కూతా పొడుగు కూతా కలిపి అక్షరం చేసే పద్ధతిలో. మాటలు తెలుగువి, అక్షరాలు ఇంగ్లీషువి. అవతల గాజువాకలో కూర్చుని వాటిని అందుకున్నది గౌరీశంకర్ మాస్టారు. ఆమెకి కోడ్ నేర్పింది కూడా ఆయనే. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఆయన కోడలే సంధ్యారాణి.

"మా సంధ్యకి ఎప్పుడైనా అవసరమొస్తే నువ్వు చూడాలమ్మా" అని ఆయన చివరిసారి రేడియోలో అన్నప్పుడు, కొడుకు సంగతి ఆయనకి ఎంత తెలుసో రూపాదేవికి అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది.

సంధ్యారాణి వచ్చిన రోజు నుంచీ ఆమె రేడియో కట్టేసి పైన తువ్వాలు కప్పింది. గాలిలో తన గొంతు వినబడకపోతే మేలని ఆమె జాగ్రత్త. కానీ చెవులు కట్టేయడం ఎవరి తరం? కుక్కరు కూత పెడితే అందులో అక్షరం వినిపిస్తోంది. కుళాయి కారితే చుక్క చుక్కకీ మధ్య గీత కోసం వెతుకుతోంది. రోడ్డు మీద చెరుకు లారీ హారన్ కొడితే మాస్టారే పిలిచినట్టై ఉలిక్కిపడుతోంది. చచ్చిపోయిన మనిషి ఇంకా ఏదో చెప్పాలని తన చుట్టూ తిరుగుతున్నాడన్న భయం ఆమెను వదలడం లేదు. ఫిజిక్సు చదువుకున్న మనిషి కదా, ఎవరితో చెప్పుకుంటుంది?

"ఏటే, కారు యెనక దణ్ణం ఎడతన్నావు?"

భర్త రామ్మూర్తి గొంతు. గోవాడలో చెరుకు నరికించి అప్పుడే వచ్చాడు. కాళ్ళకి మట్టి, తలకి తుండుగుడ్డ. ఒకప్పుడు విశాఖలో ఉద్యోగం చేసిన మనిషి, తండ్రి పోయాక పొలం చూసుకోవడానికి వచ్చి పూర్తిగా రైతైపోయాడు. మనిషి కనబడితే చాలు, పలకరించకుండా పోనివ్వడు. ఊళ్ళో కుక్కలకి కూడా ఆయనంటే నమ్మకం.

"ఈ అక్షరాలు తీసెయ్యండి" అంది రూపాదేవి.

"ఏ అచ్చరాలు?"

"ఇవే. ఇప్పుడే గోకెయ్యండి."

రామ్మూర్తి తుండుగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. పెళ్ళాం గొంతులో తేడా ఉందని తెలిసింది గానీ, ముందు నవ్వేసి చూద్దామనుకున్నాడు.

"వడ్డాదిలో రేడియం కొట్టువోడి దగ్గర పూటంతా కూకుని కటింగు సేయించేనే. ముందు నంబరు ప్లేటు మీదే ఏయించేనా, పోలీసాయన ఆపి, నంబరు తప్ప ఇంకేటీ ఉండకూడదయ్యా అన్నాడా. హామ్ రేడియో అంతే ఏటో ఆయనకి టీ తాగించి మరీ సెప్పేను. ఆయన మాట కాదనలేక పైకి జరిపేను. ఇప్పుడు నువ్వొచ్చి గోకెయ్యమంతే ఎలగ?"

"బజార్లో ఒకడు దీన్ని ఫోటో తీసుకున్నాడు."

"తియ్యనీ. నంబరు ఊరందరికీ కనబడతాది గదా, దానికేటయిపోయింది?"

"నంబరు పట్టుకుని మనిల్లు కనుక్కోవాలంటే రవాణా ఆఫీసులో తెలిసినవాడొకడు ఉండాలి. వీటికి ఆ అవస్థ లేదు. చూడండి."

ఆమె ఫోను తీసి, లోకంలోని హామ్‌లందరూ తమ వివరాలు పెట్టుకునే వెబ్‌సైటు తెరిచి, తన కాల్‌సైన్ కొట్టింది. కన్ను మూసి తెరిచేలోగా వచ్చేసింది. ఆమె ఫోటో. ఇంటి పేరుతో సహా పేరు. ఇంటి నంబరు, వీధి, చోడవరం, పిన్‌కోడ్. కింద మ్యాపు, మ్యాపులో ఎర్రటి గుర్తు. ఆ గుర్తు గుచ్చినట్టు వాళ్ళ డాబా మీదే ఉంది.

రామ్మూర్తి ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. వేళ్ళతో మ్యాపు పెద్దది చేశాడు. పెరట్లో వాటర్ ట్యాంకు కూడా కనబడింది.

"ఓలమ్మా!" అన్నాడు. "ఇదెవుడే మనడ్రసు ఇందులో ఎక్కించింది?"

రూపాదేవి ఫోను వెనక్కి తీసుకుంది.

"నేనే" అంది.

హామ్‌లకి ఒక అలవాటుంది. కొత్తవాళ్ళతో గాలిలో మాట కలిస్తే, కలిసిందని గుర్తుగా ఒక కార్డు పోస్టులో పంపుకుంటారు. జపాను నుంచి, బ్రెజిలు నుంచి బొమ్మల కార్డులు రావాలంటే చిరునామా ఉండాలి కదా. విశాఖ వదిలి చోడవరం వచ్చినప్పుడు రూపాదేవి గ్యాస్ కనెక్షన్ మార్చుకోక ముందే ఆ వెబ్‌సైటులో ఇల్లు మార్చుకుంది. గుర్తు డాబా మీద సరిగ్గా పడేదాకా వేలితో జరిపి జరిపి పెట్టింది కూడా. ఆయన వీధిలో డప్పు కొట్టాడు, ఈవిడ తలుపు బార్లా తీసి పెట్టింది. ఇక దొంగని తిట్టి ఏం లాభం?

"నీదీ నాదీ సరిపోయింది" అన్నాడు రామ్మూర్తి మెల్లగా. కాసేపు ఆ అక్షరాల వంకే చూశాడు. "ఒక్క మాట సెప్తాను, ఏటనుకోకు. ఈ ఊళ్ళో ఏ బండి యెనక సూడు, పిల్లల పేర్లే. ఆటో యెనక, ట్రాక్టరు యెనక, ఆకరికి పాలోడి మోపెడ్డు యెనక కూడా. కొట్టువోడు ఏ పేరెయ్యమంటారు బాబూ అనడిగేడు. మన బండి యెనక రాసుకోడానికి మనకెవరున్నారే? నువ్వే ఉన్నావు. అందుకేయించేను."

రూపాదేవికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళలో ఆయన ఆ లోటు గురించి పైకి అన్నది ఇదే మొదలు. ఏదో అనబోయింది. అప్పుడే గుమ్మంలోంచి సంధ్యారాణి గొంతు వినిపించింది.

"ఆ ఫోటో తీసినోడు ఎలగున్నాడక్కా? ఎడం కనుబొమ్మ మీద గాటుందా?"

ఆమె ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలియదు. పగలు వాకిట్లోకి రావద్దని తామే చెప్పారు కాబట్టి తలుపు చాటున నిలబడి మాట్లాడుతోంది.

"ఉంది" అంది రూపాదేవి.

"సన్నీ. ఆయన సావాసగాడే." సంధ్యారాణి తలుపు పట్టుకుంది. "అనకాపల్లి బస్సు కాంప్లెక్సులో మీరు నన్ను కారెక్కించుకున్నప్పుడు అక్కడే ఆటో కాడ నిలబడున్నాడు. నన్ను సూడలేదనుకున్నాను. మీతో సెప్తే బయపడి వొద్దంటారేమోనని సెప్పలేదక్కా. తప్పయిపోయింది."

"నంబరు చూసుంటాడా?"

"నంబరు ఎవరికి గుర్తుంటాది? ఆ మెరుపు బొమ్మ, ఆ అచ్చరాలూ గుర్తుంటాయి. ఆ ఇంట్లో మావయ్యగారి బండి మీద ఇలాటివే ఉండేవి గదా."

"కిషోర్‌కి వీటి సంగతి తెలుసా?"

"కోడ్ రాదక్కా. మావయ్యగారు నేర్పుతానంతే ఆ కొట్టే మీట వీధిలోకి ఇసిరేసేడు. కానీ కాల్‌సైన్ కొట్టి అడ్రసు సూడ్డం సిన్నప్పట్నించీ ఎరుగును. కార్డులొస్తే ఏ ఊరివో ఆయనే ఎతికి సెప్పేవోడంట." కొంచెం ఆగి అంది. "కోడ్ నేర్చుకున్నది నా గుంటే, గౌతమే. తాతగారు స్పూనుతో కంచం మీద కొట్టి నేర్పేరు. అన్నం కావాలన్నా అలగే కొట్టేది. నాకు టకటకలు తప్ప ఏటీ తెలిసేది కాదు. తాతా మనవరాలూ ఒకటే నవ్వులు."

రూపాదేవి రోడ్డు వైపు చూసింది. సన్నీ ఫోటో తీసి గంటన్నా కాలేదు. గాజువాక ఎంత దూరం గనక?

ముందు తేరుకున్నది రామ్మూర్తే. అక్కగారు అచ్చియ్యమ్మ ఇల్లు చీడికాడలో ఉంది, కొండ వారగా, నలుగురు కొడుకులున్న ఇల్లు. సంధ్యారాణిని ఇప్పుడే అక్కడ దిగబెడితే సోమవారం అటునుంచి అటే కోర్టుకి తీసుకుపోవచ్చు. పోలీసుల మాట ఆనక చూసుకోవచ్చు. అయితే ఈ మెరుపు బొమ్మ పెట్టుకుని బయల్దేరితే చీడికాడ కూడా చెప్పి వెళ్ళినట్టే.

"నువ్వు బేగి బట్టలు సర్దుకో అమ్మా. నేను దీని సంగతి సూస్తాను" అని ఆయన పాత బ్లేడు, కిరసనాయిలు గుడ్డ తెచ్చుకుని కారు వెనక కూర్చున్నాడు.

రూపాదేవి లోపల వెబ్‌సైటులో తన చిరునామా చెరిపేసింది. చెరిపేశాక మళ్ళీ వెతికి చూసుకుంది. ఆ పేజీలో ఇప్పుడు పేరు తప్ప ఏమీ లేదు. కానీ చూడాల్సినవాడు చూసేశాక చెరిపితే ఏం ప్రయోజనమన్న సంగతి ఆమెకి తెలియకపోలేదు. మంచం మీద సంధ్యారాణి సంచి సర్దుతోంది. సర్దడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు చీరలు, కోర్టు కాగితాలు, ఆ రోజు తొందరలో ఏది చేతికొస్తే అది లాక్కున్నప్పుడు కలిసొచ్చిన గౌతమి స్కూలు బెల్టు. ఆ బెల్టుని చుట్ట చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి, సంచిలో అన్నిటికంటే పైన పెట్టింది.

"రూపా! ఇలగొచ్చి సూడే!"

రామ్మూర్తి పిలుపులో విసుగు కంటే భయమే ఎక్కువుంది. ఆమె వాకిట్లోకి వెళ్ళింది. స్టిక్కరు ముక్కలు ముక్కలై నేల మీద పడి ఉంది. డిక్కీ మీద ఒక్క ఎర్ర పోగు కూడా మిగల్లేదు. కానీ అక్షరాలు ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఎండకి కారు రంగంతా వెలిసిపోయింది, స్టిక్కరు కింద ఉన్నంత మేర మాత్రం కొత్త నీలంగా నిలిచిపోయింది. మెరుపు బొమ్మ అలాగే ఉంది. ఆర్, డి, ఏ అలాగే ఉన్నాయి. ముందు కంటే ఇప్పుడే స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఎంత రుద్దినా పోవటం లేదే" అన్నాడాయన. "దెయ్యం పట్టినట్టుంది."

రూపాదేవి ఆ నీలం అక్షరాలకేసి చూసింది. తన పేరు తనకే కాకుండా పోయి, తన ఇంటి ముందు నిలబడి తననే వేలెత్తి చూపిస్తున్నట్టు అనిపించింది.

"మట్టి పులమండి" అంది. రామ్మూర్తి బురద మట్టి కోసం బాల్చీ పట్టుకుని ప్రహరీ పక్కకి నడిచాడు. మోటారు సైకిలు మీద ఒంటరి మగాడెవడైనా వస్తే గేటు తీయొద్దని ఆయనకి మరోసారి చెప్పి, ఆమె లోపలికి వచ్చింది. కిషోర్‌ని ఆయన ఎన్నడూ చూడలేదు మరి.

దీపాలు పెట్టే వేళైంది. రోడ్డు మీద చెరుకు లారీలు ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీ వైపు పోతున్నాయి. హారన్లకి లెక్కే లేదు. ఆ మోతలో ఒక హారన్ వేరుగా వినబడింది. చిన్నది. దగ్గరలోది.

కురచ, పొడుగు, కురచ.

రూపాదేవి చేతిలోని కారు తాళాలు బిగించి పట్టుకుంది. ఆర్. నా చెవుల గోలే, అనుకుంది. కుక్కరు కూత లాంటిదే ఇదీ.

పొడుగు, కురచ, కురచ. డి. తర్వాత ఒక కురచ, ఒక పొడుగు. ఏ. ఆ ఆఖరి గీత మామూలుగా ఆగలేదు. సాగింది. సాగి, సాగి, గాలిలో వేలాడి ఆగింది.

లోకంలో అలా సాగదీసే మనిషి ఒక్కరే. నడకని బట్టి మనిషిని పోల్చినట్టు, మీట మీద చెయ్యి పడే తీరుని బట్టి హామ్‌లు ఒకరినొకరు పోల్చుకుంటారు. "మాస్టారూ, చివరి గీతని అంత సాగదీస్తారేమిటండీ?" అని ఒకసారి ఆమె వేళాకోళం చేస్తే, "పిలిచినవాడు వాకిట్లో కాసేపు నిలబడాలమ్మా, పిలిచేసి పారిపోకూడదు" అన్నారాయన.

ఆయన ఇప్పుడు వాకిట్లో నిలబడి ఉన్నారు. రూపాదేవికి అలాగే అనిపించింది. చనిపోయిన మనిషి పిలుస్తుంటే, ఆమె చూపుడువేలు ఆమెకి తెలియకుండానే తలుపు చెక్క మీద జవాబు కొట్టడం మొదలుపెట్టింది. పిలిస్తే పలకడం ఆ వేలికి అంతగా అలవాటైన పని. ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని ఆపుకుంది.

వెనక సంచి కింద పడిన చప్పుడైంది.

"గౌతమి!" అంది సంధ్యారాణి. మొహంలో నెత్తురు చుక్క లేదు, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. "అక్కా, అది నా గుంట! తాతగారి లాగే సివర్న సాగదీస్తాది. కంచం మీద ఇలగే కొట్టేది. నా గుంట వచ్చీసింది!"

దెయ్యం కాదు. దెయ్యమైతే బాగుండేదని ఆ క్షణంలో రూపాదేవికి అనిపించింది. ఎనిమిదేళ్ళ పిల్ల గాజువాక నుంచి తనంత తాను రాలేదు. వాడు తెచ్చాడు. తల్లి బయటికి రావాలంటే ఏం కావాలో వాడికి తెలుసు. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సన్నీ పంపిన ఫోటోలోని మూడక్షరాలు చూపించి, తాత నేర్పింది కొట్టు, అమ్మ పరిగెత్తుకొస్తాదని చెప్పి ఉంటాడు.

సంధ్యారాణి అప్పటికే తలుపు దగ్గరుంది. రూపాదేవి రెండు చేతులా ఆమె నడుము చుట్టేసింది.

"ఒగ్గేయండక్కా! నన్నే పిలుస్తంది!"

"ఆగు. ఇంకా ఏదో కొడుతోంది. ఆగమ్మా, నీకు దణ్ణం పెడతాను."

హారన్ ఆగి మళ్ళీ మొదలైంది. ఇప్పుడు కాల్‌సైన్ కాదు. పిల్ల నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం ఏరుకుని కొడుతోంది. ఏ. ఎమ్. ఎమ్. ఏ. గీత సాగింది. తర్వాత ఆర్. ఏ. కె. యూ.

అమ్మా రాకు.

కొట్టమన్నది వాడు. ఏం కొడుతోందో వాడికి తెలియదు. మాస్టారి మీట వీధిలోకి విసిరేసిన ఆ కొడుకు ఒళ్ళోనే కూర్చుని, ఆ పసిది తాత ఇచ్చిన భాషలో తల్లిని వద్దంటోంది.

"ఏటంతంది?" సంధ్యారాణి గింజుకుంటోంది. "అక్కా, సెప్పండి! అమ్మా అంతందా?"

"అమ్మా అంటోంది" అంది రూపాదేవి. కన్నీళ్ళు కారిపోతున్నా చేతుల పట్టు వదల్లేదు. "అమ్మా, రాకు అంటోంది. నువ్వు రావద్దంటోంది."

సంధ్యారాణి ఆమె చేతుల్లో కూలబడింది. ఏడుపు పైకి రాకుండా పమిట నోట్లో కుక్కుకుంది. హారన్ ఇంకా ఆగలేదు. ఎన్. ఏ. ఎన్. ఎన్. ఏ. పిల్ల తడబడి, ఆగి, అందుకుని మళ్ళీ కొట్టింది. నాన్న. ఆ తర్వాత మాట పొడుగ్గా ఉంది. రూపాదేవి ఒక్కొక్క అక్షరం పెదవుల మీద పెట్టుకుంది.

నాన్న జేబులో.

జేబులో ఏముంది తల్లీ? ఆమె ప్రాణమంతా చెవుల్లోకి వచ్చేసింది. కె. ఏ. టి. టి...

హారన్ ఠక్కున ఆగిపోయింది. కిటికీ లోంచి ప్రహరీ అవతల తెల్ల కారు పైకప్పు మాత్రం కనిపిస్తోంది. ఆ వెంటనే రామ్మూర్తి గొంతు వినిపించింది. పసిపిల్లలు కనబడితే కరిగి నీరైపోయే గొంతు.

"ఏటమ్మా సిట్టితల్లీ, హారన్‌తో ఆడుకుంతన్నావా? మీ నాన్నా ఈయన? రాండి బాబూ, గుంటనేసుకుని బయటెందుకు, లోనకి రాండి. గుంటకి మా ఆవిడ రేడియో సూపించాలన్నారు గదా?"

రూపాదేవి అరవడానికి నోరు తెరిచేసరికి గేటు గడియ తీసిన చప్పుడైంది.